అతి తక్కువ పౌనఃపున్యాలకు తరంగదైర్ఘ్యం లెక్క కట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎఫ్ఎం రేడియో 100 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. ఇలాంటి లెక్క ఎవరైనా చేసేస్తారు. 50 హెర్ట్జ్, 8 హెర్ట్జ్, 0.1 హెర్ట్జ్, 2 మిల్లీహెర్ట్జ్ అంటూ కిందికి దిగేకొద్దీ అనుమానాలు మొదలవుతాయి. జవాబు భూమి కంటే పెద్దగా వస్తుంది. లేదా ఇద్దరు కట్టిన జవాబులకు లక్షల రెట్లు తేడా వస్తుంది. చదువుకునే పిల్లలూ, రేడియో సరదా ఉన్నవాళ్లూ, ఊరికే తెలుసుకుందామని అడిగేవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందు ఫార్ములా చెప్పండి.

తరంగదైర్ఘ్యం = వేగం ÷ పౌనఃపున్యం. తరంగదైర్ఘ్యం అంటే ఒక పూర్తి అల పొడవు, పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్నది.

వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని, పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లో వేస్తే జవాబు మీటర్లలో వస్తుంది. తక్కువ పౌనఃపున్యాలకు వేరే ఫార్ములా అంటూ లేదు. ఇదే.

అదే ఫార్ములా అయితే 20 హెర్ట్జ్‌కి ఒకరు 15 వేల కిలోమీటర్లంటారు, ఇంకొకరు 17 మీటర్లంటారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే. మొదటాయన రేడియో తరంగాన్ని మనసులో పెట్టుకున్నాడు, రెండో ఆయన గాలిలో శబ్దాన్ని పెట్టుకున్నాడు. మూడో ఆయన వచ్చి సముద్రంలో తిమింగలం కూత గురించి మాట్లాడితే అదే 20 హెర్ట్జ్‌కి 75 మీటర్లు అంటాడు. అదీ ఒప్పే.

నా వరకు ఈ పేజీ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. పౌనఃపున్యం ఒక్కటే ఇచ్చి తరంగదైర్ఘ్యం చెప్పమనడం, రెండు గంటల ప్రయాణం ఎంత దూరమని అడిగినట్టు ఉంటుంది. నడకా, బస్సా, విమానమా తెలియకుండా ఎవరు చెప్పగలరు? అందుకే కాలిక్యులేటర్ తీసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ తరంగం? దేనిలో ప్రయాణిస్తోంది?

దగ్గర పెట్టుకోవలసిన వేగాలు నాలుగే. శూన్యంలో విద్యుదయస్కాంత తరంగాలకు సెకనుకు 29,97,92,458 మీటర్లు, అంటే దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. గురుత్వ తరంగాలకూ, అంటే భారీ ఖగోళ వస్తువుల కదలికల వల్ల స్థలకాలంలో పుట్టే అలలకూ, ఇదే వేగం. గాలిలో శబ్దానికి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 343 మీటర్లు. సముద్రపు నీటిలో శబ్దానికి సుమారు 1,500 మీటర్లు. నేల పైపొరల వెంబడి సాగే భూకంప తరంగాలకు సుమారు మూడున్నర కిలోమీటర్లు. నీటి అలల కథ వేరు, అది కింద విడిగా ఉంది.

తరంగం గాలిలోంచి నీటిలోకి వెళ్తే పౌనఃపున్యం మారుతుందా?

మారదు. సెకనుకు ఎన్ని కంపనాలన్నది మూలం నిర్ణయిస్తుంది. వేగాన్ని యానకం, అంటే తరంగం ప్రయాణించే పదార్థం, నిర్ణయిస్తుంది. వేగం మారితే తరంగం సాగుతుంది, లేదా కుదించుకుపోతుంది. మారేది తరంగదైర్ఘ్యమే.

పౌనఃపున్యం 1 కంటే తక్కువుంటే భాగహారంలో తికమక పడుతున్నాను. సులువైన దారి ఉందా?

ఉంది. భాగహారం మానేసి గుణకారం చేయండి.

0.004 హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనంలో వెయ్యింట నాలుగు వంతులు... ఇలా ఆలోచిస్తే ఎవరికైనా బుర్ర వేడెక్కుతుంది. దాన్ని తిరగేసి చూడండి. 1 ని 0.004 తో భాగిస్తే 250. అంటే ఒక పూర్తి డోలనానికి 250 సెకన్లు పడుతుంది, నాలుగు నిమిషాల పైచిలుకు. దీన్నే ఆవర్తన కాలం అంటాం. ఆ 250 సెకన్లలో తరంగం ఎంత దూరం వెళ్తుందో అదే తరంగదైర్ఘ్యం. వేగాన్ని 250 తో గుణిస్తే సరి. గాలిలో శబ్దమైతే 343 × 250 = 85,750 మీటర్లు, అంటే దాదాపు 86 కిలోమీటర్లు.

ఇలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. కాంతి వేగంతో వెళ్లే తరంగాలకు లెక్కే అక్కర్లేదు. ఆవర్తన కాలం 250 సెకన్లు అయితే తరంగదైర్ఘ్యం 250 కాంతి సెకన్లు. ఒక మైక్రోహెర్ట్జ్ అంటే ఆవర్తన కాలం 10 లక్షల సెకన్లు, అంటే పదకొండున్నర రోజులు. కాబట్టి తరంగదైర్ఘ్యం పదకొండున్నర కాంతి రోజులు. ఇది మొదటిసారి తట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పొడవు, కాలం ఒకటే అయిపోయి కనిపిస్తాయి.

రేడియో తరంగాలకు నోటిలెక్క ఉందా?

1 కిలోహెర్ట్జ్‌కి 300 కిలోమీటర్లు. 1 హెర్ట్జ్‌కి 3 లక్షల కిలోమీటర్లు. 1 మిల్లీహెర్ట్జ్‌కి 30 కోట్ల కిలోమీటర్లు. ఈ మూడూ గుర్తుంటే మిగతావన్నీ వీటిని భాగిస్తూ పోవడమే. 60 కిలోహెర్ట్జ్ అంటే 300 ÷ 60, 5 కిలోమీటర్లు. 6 హెర్ట్జ్ అంటే 50 వేల కిలోమీటర్లు.

ఒక పోలిక కూడా పెట్టుకోండి. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. 0.78 హెర్ట్జ్ రేడియో తరంగం ఒక్కటి ఇక్కడి నుంచి చంద్రుడి దాకా సరిపోతుంది.

2,99,792 బదులు 3 లక్షలు వేస్తే తప్పవుతుందా?

తేడా వెయ్యికి ఒకటి కూడా లేదు, 0.07 శాతం. పరీక్షకూ, చేతిలెక్కకూ ధారాళంగా వేయవచ్చు. కాకపోతే 1 హెర్ట్జ్ దగ్గర ఆ చిన్న శాతమే దాదాపు 208 కిలోమీటర్లు అవుతుంది. కిలోమీటర్ వరకు కచ్చితంగా కావాలంటే అసలు విలువే వాడండి.

మిల్లీహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ రెండిటికీ "ఎమ్" రాస్తారు కదా. కలగాపులగం కాదా?

అవుతుంది. నాకూ అయింది. చిన్న ఎమ్ మిల్లీ, అంటే వెయ్యో వంతు. పెద్ద ఎమ్ మెగా, అంటే 10 లక్షలు. ఈ రెండిటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు.

చదువుకునే రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే డోలనాల పట్టిక ఒకటి ముందు పెట్టుకుని, పక్కన పెన్సిల్‌తో తరంగదైర్ఘ్యాలు రాసుకుంటూ పోతున్నాను. పట్టికలో 5 అని ఉంది, పక్కన చిన్న ఎమ్. నేను అలవాటుగా దాన్ని మెగా అని చదివి 60 మీటర్లు అని రాశాను. ఆ వరుస అంతా 40, 60, 100 మీటర్లు అంటూ చక్కగా వచ్చేసరికి అనుమానమే రాలేదు. పక్క గడిలో ఆవర్తన కాలం 200 సెకన్లు అని ఉండటం చూసి ఆగిపోయాను. మూడు నిమిషాలకోసారి ఊగేది సెకనుకు 50 లక్షలసార్లు ఎలా ఊగుతుంది? అన్నీ రబ్బరుతో చెరిపి 6 కోట్ల కిలోమీటర్లు అని దిద్దాను.

నిజానికి అదీ తప్పేనని తర్వాత తెలిసింది. భూమి చుట్టూ ఉండే ప్లాస్మాలో (విద్యుదావేశ కణాల వాయువులో) ఆ డోలనాలు కాంతి వేగంతో వెళ్లవు. అయస్కాంత రేఖల వెంబడి చాలా నెమ్మదిగా సాగుతాయి. వేగం సెకనుకు 1,000 కిలోమీటర్లనుకుంటే తరంగదైర్ఘ్యం 2 లక్షల కిలోమీటర్లు వస్తుంది. ఒకే గడిలో రెండు తప్పులు: ఒకటి ప్రమాణానిది, రెండోది వేగానిది. అప్పటి నుంచి ఆవర్తన కాలం రాయకుండా తరంగదైర్ఘ్యం రాయడం మానేశాను. మీరూ అలాగే చేయండి.

నిమిషానికి ఇన్నిసార్లు అని ఇస్తే?

60 తో భాగించండి. సెకనుకు ఇన్ని రేడియన్లు అని ఇస్తే అది కోణీయ పౌనఃపున్యం, దాన్ని 6.283 తో భాగించండి. ఈ రెండో సంగతి మర్చిపోయి ఆరు రెట్లు తక్కువ జవాబు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్. అంటే ప్లగ్గు దగ్గర 6,000 కిలోమీటర్ల తరంగం ఉన్నట్టా?

లెక్క సరైనదే. 50 హెర్ట్జ్‌కి 5,996 కిలోమీటర్లు, 60 హెర్ట్జ్ వాడే దేశాల్లో 4,997 కిలోమీటర్లు. అయితే ఆ అంకెకు అర్థం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది విడదీసి చూడాలి.

అర్థం ఉన్న చోటు పొడవాటి హైటెన్షన్ లైన్. 6,000 కిలోమీటర్లకు ఒక పూర్తి డోలనం, దాన్ని 360 డిగ్రీలుగా లెక్కిస్తారు, అంటే ప్రతి 100 కిలోమీటర్లకు 6 డిగ్రీలు. 500 కిలోమీటర్ల లైన్‌లో ఇటు చివర వోల్టేజి శిఖరానికి చేరిన క్షణానికి, తరంగం అటు చివరికి 30 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. అందుకే పొడవాటి లైన్లు కట్టే ఇంజనీర్లకు ఈ తరంగదైర్ఘ్యం రోజూ పనికొచ్చే అంకె. లోడు లేని పొడవాటి లైన్‌లో పంపిన చివర కంటే అందుకునే చివర వోల్టేజి ఎక్కువగా కనిపించడం కూడా ఇలాంటి పొడవుల దగ్గరే బయటపడుతుంది. దాన్ని ఫెరాంటీ ప్రభావం అంటారు.

అర్థం లేని చోటు మీ గది. ఒక మూలం నుంచి తరంగం తరంగంగా విడిపోయి వెళ్లాలంటే సుమారుగా తరంగదైర్ఘ్యంలో ఆరో వంతు దూరమైనా దాటాలి. 50 హెర్ట్జ్‌కి అది 950 కిలోమీటర్ల పైమాటే. గదిలో వైరు పక్కన ఉన్నది తరంగం కాదు, వైరును అంటిపెట్టుకుని హెచ్చుతగ్గులయ్యే విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం. వైరు నుంచి దూరం జరిగేకొద్దీ అవి గబగబా తగ్గిపోతాయి. కాబట్టి "ఇంట్లో 6,000 కిలోమీటర్ల తరంగాలు తిరుగుతున్నాయి" అనే మాటకు భయపడవలసిన పని లేదు.

7.83 హెర్ట్జ్ తరంగం భూమి చుట్టుకొలతకు సరిగ్గా సరిపోతుందంటారు. నిజమేనా?

దగ్గరగా ఉంటుంది, సరిగ్గా కాదు. 7.83 హెర్ట్జ్‌కి 38,288 కిలోమీటర్లు వస్తుంది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. చుట్టుకొలతకు అచ్చంగా సరిపోవాలంటే 7.48 హెర్ట్జ్ కావాలి.

ఇది షూమన్ అనునాదం. నేలకూ, పైన అయనావరణానికీ (విద్యుదావేశ కణాలున్న వాతావరణపు పైపొరకూ) మధ్య ఉన్న గుల్లలో మెరుపుల వల్ల పుట్టిన విద్యుదయస్కాంత తరంగాలు భూమి చుట్టూ తిరుగుతుంటాయి. ప్రపంచం మొత్తం మీద సెకనుకు దాదాపు 50 మెరుపులు మెరుస్తూనే ఉంటాయి కాబట్టి ఆ గుల్ల ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. విన్‌ఫ్రీడ్ ఒట్టో షూమన్ 1952లో దీన్ని లెక్కగట్టి చెప్పాడు. 1960 ప్రాంతంలో కొలతల్లో దొరికింది.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. భూమి ఉంగరం కాదు, గోళం. గోళం చుట్టూ తరంగం పరుచుకునే తీరు వేరు కాబట్టి, నష్టాలేమీ లేని ఆదర్శ గుల్లకు సిద్ధాంతం ఇచ్చే మొదటి అనునాదం 7.48 కాదు, దానికి రెండు వర్గమూలం రెట్లు, అంటే 10.6 హెర్ట్జ్. అయనావరణం మంచి వాహకం కాదు. అందులో శక్తి పోతుంది, తరంగం నెమ్మదిస్తుంది. దాంతో 10.6 కాస్తా 7.8 దగ్గరికి దిగుతుంది. తర్వాతి అనునాదాలు 14.3, 20.8 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఇవి 7.83 కి రెట్టింపు, మూడు రెట్లు కావు. ఉంగరం లెక్క తప్పని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అంకె కూడా స్థిరం కాదు. పగలూ రాత్రీ, ఋతువులూ, సూర్యుడి తీరూ బట్టి కొద్దిగా కదులుతుంటుంది.

మెదడులో ఆల్ఫా తరంగాలు కూడా 8 నుంచి 13 హెర్ట్జ్ కదా. వాటి తరంగదైర్ఘ్యం కూడా భూమి అంత ఉంటుందా?

ఉండదు. కాంతి వేగాన్ని ఆ పౌనఃపున్యంతో భాగిస్తే అలాంటి అంకె వస్తుంది, నిజమే. కానీ మెదడులో జరిగేది రేడియో ప్రసారం కాదు. నాడీకణాల గుంపులు కలిసికట్టుగా లయలో పనిచేయడాన్ని మనం ఎలక్ట్రోడ్లతో నమోదు చేస్తాం. ఆ లయ మెదడు పొరల మీద సాగే వేగం సెకనుకు కొద్ది మీటర్లు. ఆ వేగం వేస్తే పొడవులు తలలో ఇమిడేంతకు దిగి వస్తాయి. రెండు వేర్వేరు విషయాల్లో పౌనఃపున్యం ఒకటే అయినంత మాత్రాన వాటికి బంధుత్వం ఉన్నట్టు కాదు. ఈ పోలిక చూపి వస్తువులు అమ్మేవాళ్లుంటే దయచేసి నమ్మకండి.

నాడి కూడా తక్కువ పౌనఃపున్యమే కదా. దానికి తరంగదైర్ఘ్యం ఉంటుందా?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఇప్పుడే బొటనవేలి కింద, మణికట్టు లోపలి వైపు రెండు వేళ్లు ఆనించండి. నిమిషానికి 72 సార్లు కొడుతోందనుకుందాం. 72 ÷ 60 = 1.2 హెర్ట్జ్. ఆవర్తన కాలం 0.83 సెకను.

వేలి కింద తగిలేది రక్తం పరుగు కాదు. గుండె ఒక్కసారి నొక్కగానే ధమనుల గోడలు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు అలలా ముందుకు పాకుతుంది. దాని వేగం సెకనుకు 5 నుంచి 10 మీటర్లు. రక్తం ఇంతకంటే చాలా నెమ్మదిగా కదులుతుంది. 5 తో గుణిస్తే 4 మీటర్లకు పైగా, 10 తో గుణిస్తే 8 మీటర్లకు పైగా వస్తుంది. అంటే మీ శరీరం కంటే మీ నాడి తరంగం పొడవు. ఒక అల తల వేలికొసలను దాటిపోయేసరికి దాని తోక ఇంకా గుండె దగ్గరే ఉంటుంది. మెడ దగ్గర ఒక చెయ్యి, మణికట్టు దగ్గర ఒక చెయ్యి పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకేసారి కొట్టినట్టు అనిపించడం ఇందుకే. వయసుతో ధమనులు గట్టిపడితే అల వేగం పెరుగుతుంది, తరంగం ఇంకా సాగుతుంది. డాక్టర్లు ఆ వేగాన్ని కొలిచి ధమనుల పరిస్థితి అంచనా వేస్తారు.

జలాంతర్గాములతో మాట్లాడటానికి ఇంత పొడవైన తరంగాలు ఎందుకు?

ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి మామూలు రేడియో తరంగాలు పైనే చచ్చిపోతాయి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ లోతుకు దిగుతాయి. అమెరికా నౌకాదళం విస్కాన్సిన్‌లోని క్లామ్ లేక్, మిషిగన్‌లోని రిపబ్లిక్ దగ్గర 1989 నుంచి 2004 వరకు 76 హెర్ట్జ్ దగ్గర ప్రసారం చేసింది. రష్యా కోలా ద్వీపకల్పంలో 82 హెర్ట్జ్ కేంద్రం కట్టింది, దాని పేరు జెవ్స్.

76 హెర్ట్జ్‌కి గాలిలో 3,945 కిలోమీటర్లు. మామూలు పద్ధతిలో సగం తరంగదైర్ఘ్యం పొడవున యాంటెన్నా కట్టాలంటే 1,970 కిలోమీటర్లు కావాలి. అది అయ్యే పని కాదు. అందుకే పదుల కిలోమీటర్ల తీగలను స్తంభాల మీద లాగి, రెండు చివరలా భూమిలోకి దించి, కింద ఉన్న గట్టి రాతి నేలలోంచి కరెంటు తిరిగొచ్చేలా చేశారు. తీగ, నేల కలిసి ఒక పెద్ద చుట్ట అయ్యాయి. అంత చేసినా తరంగదైర్ఘ్యం ముందు అది చాలా చిన్నదే కాబట్టి, మెగావాట్లు పోస్తే బయటికి వెళ్లేది కొద్ది వాట్లు. మూడక్షరాల సంకేతం పంపడానికి కూడా నిమిషాలు పట్టేది.

ఇప్పుడు సముద్రంలోకి దిగి అదే లెక్క కట్టండి. ఉప్పునీటిలో 76 హెర్ట్జ్ తరంగం కాంతి వేగంతో వెళ్లదు. సెకనుకు 14 కిలోమీటర్లు కూడా ఉండదు. తరంగదైర్ఘ్యం 3,945 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 180 మీటర్లకు పడిపోతుంది. ప్రతి 29 మీటర్ల లోతుకు దాని బలం 37 శాతానికి తగ్గుతుంది. స్వీడన్‌లోని గ్రిమెటన్ పాత రేడియో కేంద్రం 17.2 కిలోహెర్ట్జ్ తరంగాన్నే తీసుకుంటే గాలిలో 17.4 కిలోమీటర్లు, ఉప్పునీటిలో 12 మీటర్లు, బలం రెండు మీటర్లకే 37 శాతానికి పడిపోతుంది. యానకం అడగకుండా తరంగదైర్ఘ్యం చెప్పకూడదనడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చూపిస్తాను.

చెవికి వినిపించని శబ్దాల సంగతేంటి?

20 హెర్ట్జ్‌కి కింద ఉన్నవాటిని పరశ్రావ్యాలంటారు. 10 హెర్ట్జ్‌కి 34 మీటర్లు, 1 హెర్ట్జ్‌కి 343 మీటర్లు. ఏనుగులు 15 హెర్ట్జ్ ప్రాంతంలో మాట్లాడుకుంటాయి, అంటే 23 మీటర్ల తరంగం. అంత పొడవైన తరంగానికి చెట్లు అడ్డే కావు, వాటి చుట్టూ ఒంగి వెళ్లిపోతుంది. అందుకే ఆ పిలుపు కిలోమీటర్ల దూరం పోతుంది.

అణు పరీక్షలను పసిగట్టడానికి ప్రపంచమంతా 60 పరశ్రావ్య కేంద్రాల వ్యవస్థను రూపొందించారు. అవి 0.02 నుంచి 4 హెర్ట్జ్ వరకు వింటాయి. అంటే 17 కిలోమీటర్ల తరంగం నుంచి 86 మీటర్ల తరంగం దాకా. అందుకే ఒక కేంద్రమంటే ఒక మైకు కాదు, కిలోమీటర్ల దూరంలో పరిచిన సెన్సర్ల గుంపు. 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఇలాంటి వాయు తరంగమే భూమిని మళ్లీ మళ్లీ చుట్టింది, దూరదేశాల్లోని బారోమీటర్లలో దాని గుర్తు పడింది.

ఉష్ణోగ్రత మర్చిపోవద్దు. ఒక్కో డిగ్రీకి శబ్ద వేగం 0.6 మీటర్లు పెరుగుతుంది. 10 హెర్ట్జ్ తరంగం 0 డిగ్రీల దగ్గర 33 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 35 మీటర్ల పైన.

సముద్రపు అలలకు ఏ వేగం వేయాలి?

ఇక్కడే ఫార్ములా చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. గాలిలో శబ్దం, కాంతి అయితే పౌనఃపున్యం ఏదైనా వేగం దాదాపు ఒకటే. లోతైన నీటి మీద అలలు అలా కావు. ఆవర్తన కాలం ఎక్కువైతే వేగమూ ఎక్కువే. అంటే పట్టికలోంచి ఒక వేగం తీసి భాగించేద్దామంటే కుదరదు.

లోతైన నీటికి సులువైన లెక్క ఇది: ఆవర్తన కాలాన్ని దానితోనే గుణించి, మళ్లీ 1.56 తో గుణిస్తే మీటర్లలో తరంగదైర్ఘ్యం. పది సెకన్లకోసారి వచ్చే అలకు, అంటే 0.1 హెర్ట్జ్‌కి, 156 మీటర్లు. ఐదు సెకన్లకైతే 39 మీటర్లే. కాలం సగమైతే పొడవు పావు వంతు అయింది చూడండి. దూరాన తుపాను లేచినప్పుడు ఒడ్డుకు మొదట పొడవైన, నిదానమైన అలలు వచ్చి, తర్వాత పొట్టివి రావడానికి కారణం ఇదే. పొడవైనవి ముందు పరుగెత్తాయి.

సునామీకి మళ్లీ లెక్క మారుతుంది. తరంగం సముద్రం లోతు కంటే ఎన్నో రెట్లు పొడవు కాబట్టి దానికి నాలుగు కిలోమీటర్ల సముద్రం కూడా లోతు లేని గుంటే. అప్పుడు వేగం లోతు మీదే ఆధారపడుతుంది: లోతును 9.8 తో గుణించి వర్గమూలం తీయాలి. 4,000 మీటర్ల లోతులో సెకనుకు 198 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్ల పైన. 20 నిమిషాలకోసారి వచ్చే అలకు పౌనఃపున్యం 0.83 మిల్లీహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం దాదాపు 238 కిలోమీటర్లు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లిన జేసన్-1 ఉపగ్రహం నడిసముద్రంలో ఆ సునామీ ఎత్తును 60 సెంటీమీటర్ల దగ్గర కొలిచింది. అరమీటరు ఎత్తు, వందల కిలోమీటర్ల పొడవు. ఓడలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. అదే అల 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం సెకనుకు 10 మీటర్లకు, పొడవు 12 కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. ఇరవై నిమిషాల కాలం మాత్రం మారదు. అలా కుదించుకుపోయిన నీరు పైకి లేస్తుంది.

భూకంపాలకు?

పైపొరల వెంబడి 20 సెకన్ల ఆవర్తన కాలంతో సాగే తరంగానికి 0.05 హెర్ట్జ్, సుమారు 70 కిలోమీటర్లు. ఇంకా కిందికి పోతే తరంగదైర్ఘ్యం అన్న మాటే పట్టు తప్పుతుంది. 1960లో చిలీ భూకంపం తర్వాత భూమి మొత్తం గంటలా మోగింది. అందులో అతి నిదానమైన కంపనానికి 54 నిమిషాలు. అప్పుడు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే తరంగం లేదు, భూగోళమంతా ఒకేసారి సాగి ముడుచుకుంటోంది.

ఈఎల్ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ లో ఫ్రీక్వెన్సీ), యూఎల్ఎఫ్ (అల్ట్రా లో ఫ్రీక్వెన్సీ) పేర్ల హద్దులు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి.

అవును. రేడియో ఇంజనీర్ల లెక్కలో ఈఎల్ఎఫ్ 3 నుంచి 30 హెర్ట్జ్, యూఎల్ఎఫ్ 300 నుంచి 3,000 హెర్ట్జ్. భూభౌతిక శాస్త్రవేత్తలకు యూఎల్ఎఫ్ అంటే మిల్లీహెర్ట్జ్‌ల నుంచి కొద్ది హెర్ట్జ్‌ల దాకా. పేరు చూసి లెక్క కట్టకండి, అంకె చూసి కట్టండి.

సున్నా హెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం అనంతమా?

సున్నాతో భాగించలేం. సున్నా హెర్ట్జ్ అంటే ఊగనే ఊగనిది. బ్యాటరీ కరెంటు లాంటిది. అక్కడ తరంగమే లేదు.

మరి ఇప్పటిదాకా అన్నిటికంటే తక్కువ పౌనఃపున్యం ఎక్కడ దొరికింది?

తరంగం అనదగ్గవాటిలో నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాలు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశీలనశాల పట్టిన మొదటి గురుత్వ తరంగం 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ దాకా ఎగబాకింది. అంటే తరంగదైర్ఘ్యం 8,565 కిలోమీటర్ల నుంచి 1,200 కిలోమీటర్లకు కుదించుకుంటూ వచ్చింది. నానోహెర్ట్జ్ దగ్గర కిలోమీటర్లు పనికిరావు. 1 నానోహెర్ట్జ్ అంటే ఆవర్తన కాలం 31.7 ఏళ్లు, కాబట్టి తరంగదైర్ఘ్యం 31.7 కాంతి సంవత్సరాలు.

అంత పొడవైనదాన్ని పట్టే పరికరం భూమి మీద కట్టలేం. అందుకే గడియారంలా క్రమం తప్పకుండా సంకేతాలు పంపే నక్షత్రాలైన పల్సార్లనే పరికరంగా వాడుకున్నారు. వాటి సంకేతాలు అనుకున్న క్షణం కంటే రవ్వంత ముందో వెనకో వస్తున్నాయేమోనని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. 2023 జూన్‌లో అమెరికా, ఐరోపా, చైనా, ఆస్ట్రేలియా బృందాలు అలాంటి తరంగాల ఆనవాళ్లు కనిపిస్తున్నాయని ప్రకటించాయి. ఐరోపా బృందంతో కలిసి భారత బృందం కూడా పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపు కొలతలు ఇచ్చింది. అమెరికా బృందం దగ్గర అప్పటికి 15 ఏళ్ల కొలతలున్నాయి. 15 ఏళ్లను సెకన్లలోకి మార్చి తిరగేస్తే 2.1 నానోహెర్ట్జ్ వస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర ఒక్క తరంగం పూర్తిగా దాటిపోవడానికి వాళ్ల ప్రయోగం మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా పట్టిన కాలమంతా పడుతుంది.